గర్భసంచి జారినప్పుడు చికిత్స ఎంపిక

స్త్రీ కటి భాగంలో మూత్రాశయం ముందు, గర్భసంచి మధ్యలో, పురీషనాళం వెనక ఒకదానినొకటి ఆనుకుని ఉంటాయి. అడుగున పరుచుకున్న కండరాల పొర వీటి బరువును మోస్తుంది. పక్కల నుంచి, వెనక నుంచి గట్టి బంధనాలు వీటిని ఎముకల గూటికి కట్టి ఉంచుతాయి. కండరాలు సడలి, బంధనాలు సాగిపోయినప్పుడు ఈ అవయవాలు యోనిమార్గంలోకి దిగుతాయి. వైద్యులు దీన్ని ప్రొలాప్స్ అంటారు. ఊళ్లలో గర్భసంచి జారిందంటారు. నిజానికి ప్రతిసారీ జారేది గర్భసంచే కాదు. యోని ముందు గోడతోపాటు మూత్రాశయం దిగవచ్చు, వెనక గోడలో పురీషనాళం ఉబ్బి ముందుకు రావచ్చు. గర్భసంచి ఎప్పుడో తీసేసిన స్త్రీలో యోని పైకొసే కిందికి జారవచ్చు. చాలామందిలో ఇవి రెండు మూడు కలిసే ఉంటాయి. ఏది ఎంత జారిందో తెలిస్తేనే ఏ చికిత్సలు పనికివస్తాయో తెలుస్తుంది.

దీనికి మొదటి కారణం సహజ ప్రసవం. బిడ్డ తల బయటికి వచ్చేటప్పుడు కటి కండరాలు వాటి మామూలు పొడవుకన్నా ఎంతో ఎక్కువ సాగుతాయి, కొందరిలో ఎముక నుంచి ఊడివస్తాయి. కాన్పు గంటల తరబడి సాగినా, బిడ్డ బరువెక్కువైనా, ఫోర్‌సెప్స్ వాడాల్సి వచ్చినా దెబ్బ ఎక్కువ తగులుతుంది. ఆ దెబ్బ ఫలితం కొన్నిసార్లు 20, 30 ఏళ్లకు, ముట్లుడిగాక బయటపడుతుంది. ఈస్ట్రోజెన్ తగ్గి కణజాలం పలచబడడం దానికి తోడవుతుంది. ఎడతెగని దగ్గు, మలబద్ధకం, స్థూలకాయం, రోజూ బరువులెత్తే పని పొట్టలోని ఒత్తిడిని కిందికి నెడుతూనే ఉంటాయి. కాన్పయిన కొద్ది వారాలకే నీళ్ల బిందెలు, గడ్డిమోపులు ఎత్తుకోక తప్పని స్త్రీలకు ఈ ముప్పు ఎక్కువ. కొన్ని కుటుంబాల్లో కణజాలమే పుట్టుకతో బలహీనంగా ఉంటుంది. అక్కడ పిల్లలు పుట్టని స్త్రీలలోనూ ప్రొలాప్స్ కనిపిస్తుంది.

లక్షణాలు సాధారణంగా మెల్లగా మొదలవుతాయి. కిందికి ఏదో లాగుతున్నట్టు, ఏదో గడ్డ దిగుతున్నట్టు ఉంటుంది. పొద్దున లేవగానే అంతగా తెలియదు. రోజంతా నిలబడి పని చేశాక సాయంత్రానికి పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. మూత్రం ధారగా రాదు, లేదా పోశాక కూడా మిగిలిపోయినట్టుంటుంది. కొందరు వేలితో లోపలికి నెట్టుకుంటే తప్ప మూత్రానికో విరేచనానికో వెళ్లలేరు. ఈ చివరి సంగతి అడిగితే తప్ప దాదాపు ఎవరూ చెప్పరు. నడుమునొప్పి, తెల్లబట్ట, దాంపత్యంలో ఇబ్బంది కూడా ఉండవచ్చు. బయటికి వచ్చిన భాగం బట్టకు రాసుకుని పుండు పడుతుంది.

భయపెట్టే రోగంలా కనిపించినా ప్రొలాప్స్ ప్రాణాంతకం కాదు, క్యాన్సర్‌గా మారదు. ఎంపికకు వ్యవధి దొరకడానికి కారణం ఇదే. తొందరపడవలసిన సందర్భాలు కొన్నే. మూత్రం పూర్తిగా ఆగిపోయినప్పుడు, అవయవం పూర్తిగా బయటికి వచ్చి మూత్రనాళాలు మడతపడి కిడ్నీలు వాచినప్పుడు, బయటికి వచ్చిన భాగం లోపలికి వెళ్లకుండా ఇరుక్కుపోయినప్పుడు వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. ముట్లుడిగిన స్త్రీకి రక్తం కనిపిస్తే అది పుండు నుంచే వస్తోందని ఎవరికి వారు నిర్ధారించుకోకూడదు. గర్భసంచిని పరీక్షించి తీరాలి. పుండు ఒక్కటే ఉంటే అవయవాన్ని లోపలికి నెట్టి, అక్రిఫ్లేవిన్ గ్లిజరిన్‌లో తడిపిన ప్యాక్ పెట్టి, కొన్నాళ్లు విశ్రాంతినిస్తే చాలావరకు మానుతుంది. మిగతా పరిస్థితుల్లో ఈ వారమే ఆపరేషన్ జరగాలన్న మాట వినిపిస్తే, ఎందుకని అడగడం సబబే.

జారిన మేరను కొలవడానికి 1996 నుంచి అంతర్జాతీయంగా పాప్-క్యూ అనే పద్ధతి ఉంది. యోని ద్వారం దగ్గరి కన్నెపొరను గుర్తుగా పెట్టుకుని, అవయవం దానికి ఎన్ని సెంటీమీటర్లు పైన ఉందో, ఎన్ని సెంటీమీటర్లు కిందికి వచ్చిందో కొలుస్తారు. ద్వారానికి సెంటీమీటరు కన్నా పైనే ఉంటే 1వ దశ. ద్వారానికి పైన గానీ కింద గానీ సెంటీమీటరు లోపు ఉంటే 2వ దశ. అంతకన్నా బయటికి వస్తే 3వ దశ, దాదాపు పూర్తిగా తిరగబడి వచ్చేస్తే 4వ దశ. ఈ అంకెలు వైద్యులకు అవసరం. రోగి పడే బాధను మాత్రం ఇవి చెప్పవు. 2వ దశలో ఉన్న ఒక స్త్రీ కూర్చోలేక నిలబడలేక సతమతమవుతుంటే, 3వ దశలో ఉన్న మరొకామె తనకేమీ ఇబ్బంది లేదంటుంది. దశను చూసి చికిత్స రాసేయడం కుదరకపోవడానికి కారణం ఇదే. ఆమెను ఏది ఎక్కువగా బాధిస్తోంది, చికిత్స తర్వాత ఏం చేయగలగాలని కోరుకుంటోంది అన్నవి ముందు తేలాలి.

ఇది తేలాలంటే ఆమె నోరు విప్పగల చోటు కావాలి. మన ఆసుపత్రుల్లో ఓపీ గదిలో ఒక రోగిని చూస్తుండగా మరో నలుగురు నిలబడి ఉంటారు. పక్కన అత్తగారో కొడుకో ఉంటారు. ఆ స్థితిలో "కాపురం ఎలా ఉందమ్మా?" అని అడిగితే జవాబు రాదు. తలుపు వేసి, కాసేపు ఒంటరిగా మాట్లాడాక తోడు వచ్చినవారిని పిలవడం మేలు. అడగవలసినవి ఎన్నో ఉండవు. ఏ పని చేసేటప్పుడు ఎక్కువగా దిగుతోంది? మూత్రం, విరేచనం ఎలా ఉన్నాయి? ఇంకా పిల్లలు కావాలనుకుంటోందా? భర్తతో కలిసి ఉంటోందా, ముందుముందు ఆ జీవితం కావాలా? ఆపరేషన్ అంటే భయమా, లేక మళ్లీ మళ్లీ ఆసుపత్రికి రావడమే కష్టమా? ఈ జవాబులు అందాకే ఏ మార్గాలు ఉన్నాయో ఆమెతో చెప్పడం మొదలవ్వాలి.

మొదటి మార్గం ఏ చికిత్సా చేయకుండా చూస్తూ ఉండడం. వైద్యులు దీన్ని ఒక మార్గంగా చెప్పడం అరుదు. చెప్పినా అది నిర్లక్ష్యమేమోనని ఇంటివాళ్లు అనుకుంటారు. బాధ లేని ప్రొలాప్స్‌కు చికిత్స అక్కర్లేదు. అది ప్రతి ఒక్కరిలోనూ పెరుగుతుందన్న నియమం లేదు. కొందరిలో ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. ముఖ్యంగా కాన్పయిన మొదటి నెలల్లో, పాలిచ్చే రోజుల్లో కనిపించిన జారుడు కొంతవరకు తనంతట తానే తగ్గవచ్చు. అప్పుడు శస్త్రచికిత్స గురించి మాట్లాడడం తొందరపాటు. మలబద్ధకం పోగొట్టుకోవడం, దగ్గుకు చికిత్స, బరువు తగ్గడం, వీలైన మేరకు బరువులెత్తకపోవడం ఏ మార్గం ఎంచుకున్నా పాటించవలసినవే.

రెండోది కటి కండరాల వ్యాయామం. దీన్ని 1948లో ప్రచారంలోకి తెచ్చిన అమెరికన్ వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ పేరుతో కెగెల్ వ్యాయామం అంటారు. గ్యాస్ బయటికి పోకుండా, మూత్రం రాకుండా బిగబట్టినట్టు కండరాలను లోపలికి, పైకి లాగి కొన్ని క్షణాలు పట్టి వదలాలి. చెప్పడానికి సులువే, చేయడంలో పొరపాట్లు ఎక్కువ. చాలామంది పొట్టనో పిరుదులనో బిగిస్తారు. కొందరు లోపలికి లాగడానికి బదులు కిందికి ముక్కుతారు, దాంతో మేలు పోయి కీడు జరుగుతుంది. అందుకే కాగితం మీద రాసిచ్చి పంపడం చాలదు. కండరం సరిగా బిగుస్తోందో లేదో ఫిజియోథెరపిస్టు గానీ, నేర్చిన నర్సు గానీ ఒకసారి పరీక్షించి నేర్పాలి. బ్రిటన్, న్యూజిలాండ్, ఆస్ట్రేలియాల్లో 447 మంది స్త్రీలపై జరిగి 2014లో వెలువడిన పాపీ అధ్యయనంలో, ఇలా ఒక్కొక్కరికీ నేర్పించిన వ్యాయామం ఏడాది తర్వాత లక్షణాలను తగ్గించిందని తేలింది. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2019 మార్గదర్శకాలు 1, 2 దశల్లో ఉన్నవారికి కనీసం 16 వారాలు పర్యవేక్షణలో ఈ వ్యాయామం చేయించి చూడాలంటాయి. పూర్తిగా బయటికి వచ్చేసిన అవయవాన్ని వ్యాయామం వెనక్కి పంపదు. ఈ మాట ముందే చెప్పకపోతే నాలుగు నెలలు శ్రమించిన స్త్రీ మోసపోయానని అనుకుంటుంది.

మూడోది పెసరీ. యోనిలో అమర్చి, జారిన భాగాన్ని పైకి ఆపే సాధనం ఇది. ప్రాచీన గ్రీకు వైద్యులు దానిమ్మకాయను సగానికి కోసి ఈ పనికి వాడేవారు. ఇప్పుడు మెత్తని సిలికాన్‌తో చేస్తున్నారు. ఎక్కువగా వాడేది రింగు పెసరీ. రింగు నిలవనంత జారుడు ఉంటే కాడ ఉన్న గెల్‌హార్న్, లేదా ఘనాకారపు క్యూబ్ పెసరీ వాడతారు. పెసరీ మన దగ్గర చాలినంతగా వాడుకలోకి రాలేదు. వయసు మళ్లినవారికి, ఆపరేషన్ తట్టుకోలేనివారికి చివరి దారిగా ఇచ్చే వస్తువనే అభిప్రాయం వైద్యుల్లోనూ ఉంది. అది సరికాదు. పిల్లలు కావాలనుకునే యువతికి, గర్భంతో ఉన్నప్పుడు జారుడు బయటపడిన స్త్రీకి, కోతల సీజన్ అయ్యేదాకా ఆపరేషన్ వాయిదా వేయాలనుకునే రైతుకూలీకి, అసలు ఆపరేషనే వద్దనుకునే ఏ వయసు స్త్రీకైనా ఇది మంచి మార్గమే. సరైన కొలత పెసరీ పెట్టాక దానికీ యోని గోడకీ మధ్య ఒక వేలు తిరిగేంత చోటుండాలి. తర్వాత ఆమెను నడిపించి, గొంతుక్కూర్చోబెట్టి, దగ్గించి, మూత్రానికి పంపి చూడాలి. భారతీయ పద్ధతి మరుగుదొడ్డిలో ముక్కినప్పుడు జారిపోయే పెసరీ ఆమెకు పనికిరాదు. సరిపోయే కొలత దొరకడానికి రెండు మూడు సార్లు మార్చవలసి రావచ్చు.

పెసరీతో వచ్చే చిక్కులు ఆమెకు ముందే తెలియాలి. తెల్లబట్ట ఎక్కువ కావచ్చు, వాసన రావచ్చు, గోడ ఒరుసుకుని రక్తం కనిపించవచ్చు. ముట్లుడిగినవారికి యోనిలో రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీము గోడను బలపరచి ఒరుపును తగ్గిస్తుంది. రింగు ఉండగానే దాంపత్యం సాధ్యం. గెల్‌హార్న్ అయితే తీయాల్సిందే. అసలు ప్రమాదం మరిచిపోవడంలో ఉంది. ఏళ్ల తరబడి తీయకుండా వదిలేసిన పెసరీ గోడలోకి దిగబడి, అరుదుగా మూత్రాశయానికో పురీషనాళానికో రంధ్రం చేస్తుంది. అందువల్ల ఊరికి ఆసుపత్రి ఎంత దూరం, మళ్లీ చూపించుకోవడానికి ఎవరు తీసుకొస్తారు అన్నది కూడా ఎంపికలో భాగమే. నేర్పిస్తే చాలామంది తామే తీసి, సబ్బునీళ్లతో కడిగి పెట్టుకోగలరు. బ్రిటన్‌లో 340 మందిపై జరిగి 2023లో వచ్చిన టాప్సీ అధ్యయనంలో తామే పెసరీ చూసుకున్న స్త్రీల జీవన నాణ్యత క్లినిక్‌లో మార్పించుకున్నవారితో సమానంగా ఉంది. చిక్కులు మాత్రం తక్కువ వచ్చాయి.

పెసరీనీ ఆపరేషన్‌నీ నేరుగా పోల్చిన అధ్యయనాలు తక్కువ. నెదర్లాండ్స్‌లో 440 మంది స్త్రీలపై జరిపిన పోలిక 2022లో అమెరికన్ వైద్య పత్రిక జామాలో వెలువడింది. రెండేళ్ల తర్వాత బాగుందని చెప్పినవారు పెసరీ వర్గంలో 100కి 76 మంది, ఆపరేషన్ వర్గంలో 100కి 81 మంది. పెసరీ ఆపరేషన్‌కు తీసిపోదని ఆ లెక్క రుజువు చేయలేకపోయింది. పెసరీతో మొదలుపెట్టినవారిలో సగానికి కాస్త ఎక్కువ మంది రెండేళ్లలో ఆపరేషన్ చేయించుకున్నారు. అంటే మిగతా సగానికి కాస్త తక్కువ మంది కత్తి అవసరం లేకుండానే గడిపారు. రోగికి ఈ రెండు సంగతులూ చెప్పాలి. మొదటిది మాత్రమే చెబితే పెసరీ దండగనిపిస్తుంది, రెండోది మాత్రమే చెబితే ఆపరేషన్ అనవసరమనిపిస్తుంది.

ఇక శస్త్రచికిత్స. తెలుగు ప్రాంతాల్లో ప్రొలాప్స్ అనగానే గర్భసంచి తీసేయడమే వైద్యమన్న నమ్మకం పాతుకుపోయింది. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 100కి 3 మందికి కాస్త ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో అది దాదాపు 9, తెలంగాణలో 8కి దగ్గర. ఇన్ని ఆపరేషన్లలో ప్రొలాప్స్ వాటా కొంతే. కానీ ఈ అలవాటు ప్రొలాప్స్ చికిత్సనూ శాసిస్తోంది. "పిల్లలు పుట్టేశారు కదా, ఇంకా దాంతో పనేముంది" అన్న మాట వైద్యుల గదిలోనూ ఇంట్లోనూ ఒకేలా వినిపిస్తుంది.

గర్భసంచి జారడానికి తప్పు గర్భసంచిది కాదు. పందిరి కుంగితే సొరకాయ కిందికి దిగుతుంది. కాయను కోసేసినంత మాత్రాన పందిరి లేవదు. గర్భసంచి తీశాక యోని పైకొసను బలమైన బంధనానికి కుట్టకపోతే అది కూడా కొన్నేళ్లకు జారుతుంది. అప్పుడు చేసే రెండో ఆపరేషన్ మొదటిదానికన్నా కష్టం. అందుకే ఆపరేషన్ గురించి అడగవలసిన మొదటి ప్రశ్న గర్భసంచి తీస్తారా ఉంచుతారా అన్నది కాదు, పైకొసను దేనికి కుడతారు అన్నది. ఒక పద్ధతిలో దాన్ని వెన్నెముక అడుగున ఉండే త్రికాస్థి వైపు వెళ్లే గర్భాశయ బంధనాలకు, మరో పద్ధతిలో పిరుదు లోతుల్లో ఉండే సాక్రోస్పైనస్ బంధనానికి కుడతారు. అమెరికాలో ఈ రెండింటినీ పోల్చిన ఆప్టిమల్ అధ్యయనంలో ఒకటి రెండోదానికన్నా మెరుగని తేలలేదు. రెండో పద్ధతి తర్వాత కొన్ని వారాలు పిరుదులో నొప్పి ఉండవచ్చు. జారిన ముందు గోడను, వెనక గోడను అదే ఆపరేషన్‌లో బిగిస్తారు.

గర్భసంచిని ఉంచే పద్ధతులకూ మంచి ఆధారాలున్నాయి. నెదర్లాండ్స్‌లో 208 మందిపై జరిగిన సేవ్-యు అధ్యయనం గర్భసంచిని ఉంచి సాక్రోస్పైనస్ బంధనానికి కుట్టడాన్ని, యోని ద్వారా గర్భసంచి తీయడంతో పోల్చింది. ఏడాది తర్వాత ఉంచిన పద్ధతి తీసిన పద్ధతికి తీసిపోలేదు, ఐదేళ్ల తర్వాతా నిలబడింది. 19వ శతాబ్దం చివర ఇంగ్లండ్‌లో ఆర్చిబాల్డ్ డొనాల్డ్ మొదలుపెట్టిన మాంచెస్టర్ ఆపరేషన్‌లో సాగిన గర్భాశయ ముఖద్వారాన్ని కొంత కత్తిరించి బంధనాలను బిగిస్తారు. తర్వాత గర్భం నిలవడంలో, నెలలు నిండడంలో చిక్కులు రావచ్చు కాబట్టి పిల్లలు కావాలనుకునేవారికి అది అంతగా తగదు. అలాంటి యువతుల కోసం భారతీయ శస్త్రవైద్యులు ప్రత్యేకంగా ఆలోచించారు. బొంబాయి వైద్యుడు వి.ఎన్. షిరోద్కర్ స్లింగ్, పురందరే పద్ధతి, ఖన్నా స్లింగ్ ఇక్కడ పుట్టినవే. పొట్ట వైపు నుంచి వెళ్లి, శరీరంలోని గట్టి పొర పట్టీతో గానీ మెర్సిలిన్ టేపుతో గానీ గర్భసంచిని పైకి కట్టడం వీటి సారం. మన వైద్య పాఠ్యపుస్తకాల్లో ఉన్న ఈ ఆపరేషన్లు రోగితో మాటల్లో మాత్రం తక్కువగా వినిపిస్తాయి. గర్భసంచి ఉంచాలంటే కొన్ని షరతులు ఉన్నాయి. కారణం తెలియని రక్తస్రావం, ముఖద్వార పరీక్షలో తేడా, గర్భాశయ క్యాన్సర్ ముప్పు ఉన్నప్పుడు ఉంచకపోవడమే మంచిది. మరో సంగతి. ప్రొలాప్స్ కోసం అండాశయాలు తీయనక్కర్లేదు. ముట్లుడిగే వయసుకు ముందే వాటిని తీసేస్తే ఎముకలు, గుండె దెబ్బతినవచ్చు. వాటిని తీస్తారా లేదా అన్నది విడిగా అడిగి తెలుసుకోవాలి.

పొట్ట వైపు నుంచి, ఇప్పుడు ఎక్కువగా లాపరోస్కోపీతో, యోని పైకొసను మెష్ అనే ప్లాస్టిక్ వల సాయంతో త్రికాస్థికి కట్టే సాక్రోకాల్పోపెక్సీ గట్టి ఆపరేషన్. మళ్లీ జారే అవకాశం తక్కువ, దాంపత్యంలో నొప్పి తక్కువ. కానీ సమయం ఎక్కువ పడుతుంది, నైపుణ్యం కావాలి, మెష్ వల్ల చిక్కులు కొద్దిమందిలో వస్తాయి. దీనికి మరో అంచున కాల్పోక్లైసిస్ ఉంది. ఫ్రాన్స్‌కు చెందిన లెఫోర్ 1877లో వివరించిన పద్ధతి. యోని ముందు, వెనక గోడలను కుట్టి మార్గాన్ని దాదాపుగా మూసేస్తారు. చిన్న ఆపరేషన్, మళ్లీ జారడం చాలా అరుదు, పెద్ద వయసులో గుండెజబ్బు ఉన్నవారూ తట్టుకుంటారు. అయితే ఆ తర్వాత దాంపత్యం సాధ్యం కాదు. 75 ఏళ్ల స్త్రీకి అది అక్కర్లేదని వైద్యుడు తనంతట తానే అనుకోవడం తప్పు. ఆమెనే అడగాలి.

మెష్ గురించి రోగులు వినే మాటల్లో భయం, గందరగోళం కలగలిసి ఉంటాయి. దాని చరిత్ర తెలిస్తే తేడా అర్థమవుతుంది. 2000ల్లో యోని వైపు నుంచి పెట్టే ప్లాస్టిక్ వలలు కిట్లుగా మార్కెట్లోకి వచ్చాయి. దీర్ఘకాలం పరీక్షించకుండానే వాడకం పెరిగింది. వల గోడను చీల్చుకు రావడం, తగ్గని నొప్పి, దాంపత్యంలో బాధ, మళ్లీ మళ్లీ ఆపరేషన్లు మొదలయ్యాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లోనూ 2011లోనూ హెచ్చరించి, 2019 ఏప్రిల్‌లో ప్రొలాప్స్ కోసం యోని ద్వారా పెట్టే వలల అమ్మకాన్ని ఆపించింది. బ్రిటన్ 2018లో వాటి వాడకాన్ని నిలిపింది. 2020లో అక్కడ బారోనెస్ కంబర్లెజ్ నేతృత్వంలో వచ్చిన సమీక్ష, నొప్పి అని మొరపెట్టుకున్న స్త్రీల మాటను ఏళ్ల తరబడి ఎవరూ వినలేదని రాసింది. పొట్ట వైపు నుంచి పెట్టే మెష్‌కు ఈ నిషేధం వర్తించదు. ఏ మెష్ ఎటు నుంచి పెడతారో, చిక్కు వస్తే తీయడం ఎంత కష్టమో చెప్పకుండా సంతకం తీసుకోవడం ఈ చరిత్ర తెలిశాక ఎవరూ చేయదగిన పని కాదు.

ఏ ఆపరేషన్‌కైనా రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్, మూత్రాశయానికో పేగుకో మూత్రనాళానికో గాయం అయ్యే అవకాశం ఉంటుంది. రోగులకు అంతగా తెలియనిది మళ్లీ జారడం. అమెరికాలో 1997లో వచ్చిన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో ప్రొలాప్స్, మూత్రం లీకు కోసం ఆపరేషన్ అయినవారిలో 100కి 29 మందికి అది మొదటిసారి కాదు. ఆప్టిమల్ అధ్యయనంలో ఐదేళ్లకు కొలతలు, లక్షణాలు అన్నీ కలిపి చూస్తే సగానికి పైగా ఆపరేషన్లు విఫలమైన లెక్కలోకి వచ్చాయి. అయినా ఆ స్త్రీలలో చాలామంది ఆపరేషన్‌కు ముందుకన్నా సుఖంగా ఉన్నారు, మళ్లీ చికిత్స కోరినవారు కొద్దిమందే. సెంటీమీటర్ల లెక్కలో విఫలమైన ఆపరేషన్ ఆమె లెక్కలో ఫలించి ఉండవచ్చు. మరో చిక్కు కూడా ముందే తెలియాలి. జారిన అవయవం మూత్రమార్గాన్ని మడత పెట్టి లీకును దాచిపెట్టి ఉండవచ్చు. ఆపరేషన్‌తో మడత విప్పుకోగానే దగ్గినా తుమ్మినా మూత్రం కారుతుంది. అంతకుముందు లేని బాధ ఇది. అవయవాన్ని లోపలికి నెట్టి, దగ్గమని పరీక్షిస్తే దీన్ని కొంతవరకు ముందే పసిగట్టవచ్చు.

ఇన్ని సంగతులను ఒకేసారి చెబితే ఎవరికీ గుర్తుండవు. బొమ్మ గీసి గానీ కటి నమూనా చూపి గానీ ఏది ఎక్కడ జారిందో చెప్పాలి. ప్రమాదాలను "కొంచెం", "అరుదుగా" అని వదిలేయకుండా ఇంతమందిలో ఇంతమందికి అని చెప్పాలి. "మామూలుగా జరుగుతుంది" అన్న మాటను ఒకరు నూటికి ఒకటనీ ఇంకొకరు నూటికి ముప్ఫై అనీ అనుకుంటారు. నైస్ సంస్థ గర్భసంచి జారుడుకు, యోని పైకొస జారుడుకు వేర్వేరుగా 2019లో నిర్ణయ సహాయ పత్రాలు తయారుచేసింది. ఒక్కో మార్గం వల్ల ఏం మేలు, ఏం కీడు, కోలుకోవడానికి ఎంత కాలం అన్నవి పక్కపక్కన ఉంటాయి. ఇలాంటివి వాడిన రోగులకు తమ జబ్బు గురించి ఎక్కువ తెలుస్తుందనీ, తమ ఇష్టానికి తగ్గ ఎంపిక చేసుకుంటారనీ వైద్య అధ్యయనాలను క్రోడీకరించే కోక్రేన్ సంస్థ సమీక్షలు పదే పదే తేల్చాయి. తెలుగులో, పెద్ద అక్షరాల్లో, చదువురానివారికి బొమ్మలతో అలాంటి పత్రం ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఉండడం అత్యవసరం. అది లేకున్నా వైద్యులు చేయగల పని ఒకటుంది. చెప్పడం అయ్యాక "మీకు అర్థమైంది మీ మాటల్లో చెప్పండమ్మా" అనడం. ఆమె చెప్పే జవాబులో ఎక్కడ తికమక ఉందో తెలుస్తుంది.

ఒకే దశలో ఉన్న ఇద్దరు స్త్రీలకు వేర్వేరు చికిత్సలు ఎందుకు సరైనవో చూస్తే ఇలా రోగిని అడిగి ఎంచుకునే పద్ధతి ఉపయోగం తెలుస్తుంది. 3వ దశ జారుడు ఉన్న 34 ఏళ్ల స్త్రీ ఇంకో బిడ్డ కావాలనుకుంటోంది, నాట్లకు వెళ్తుంది. ఆమెకు రింగు పెసరీ, వ్యాయామం మొదటి మెట్టు కావచ్చు. తర్వాతి ప్రసవం మళ్లీ బంధనాలను సాగదీస్తుంది కాబట్టి ఆపరేషన్‌ను పిల్లలు చాలనుకున్నాక చేయించుకోవడం తెలివైన పని. ఆగలేనంత బాధ ఉంటే గర్భసంచి ఉంచే స్లింగ్ గురించి మాట్లాడవచ్చు. అదే దశలో ఉన్న 70 ఏళ్ల స్త్రీ ఒంటరిగా ఉంటుంది, కొడుకు దుబాయ్‌లో, ఆసుపత్రికి తీసుకొచ్చేవారు లేరు. ఆరు నెలలకోసారి పెసరీ మార్పించుకోవడం ఆమెకు ఆపరేషన్‌కన్నా పెద్ద భారం కావచ్చు. షుగరు, బీపీ అదుపులో ఉంటే వయసొక్కటే ఆపరేషన్‌కు అడ్డు కాదు. మరో 70 ఏళ్ల స్త్రీ పెసరీని తానే తీసి పెట్టుకోవడం నేర్చుకుని, ఆసుపత్రి మొహం చూడకుండా ఉండడానికే మొగ్గుచూపవచ్చు.

నిర్ణయం ఎవరిదన్న విషయంలో చట్టం స్పష్టంగా ఉంది. పరీక్ష కోసం మత్తు ఇచ్చిన ఒక స్త్రీకి, ఆమె స్పృహలో లేనప్పుడు తల్లి సంతకంతో గర్భసంచి, అండాశయాలు తీసేసిన కేసులో సుప్రీంకోర్టు 2008 జనవరి 16న తీర్పు ఇచ్చింది. దాని ప్రకారం ప్రాణాపాయం లేనప్పుడు వయోజనురాలి బదులు మరొకరి సమ్మతి చెల్లదు. చికిత్స ఏమిటి, ఎందుకు, ప్రత్యామ్నాయాలేమిటి, ప్రమాదాలేమిటి, వద్దంటే ఏమవుతుంది అన్నవి చెప్పాకే సమ్మతి తీసుకోవాలి. అనవసరంగా గర్భసంచులు తీయడాన్ని అరికట్టడానికి కేంద్రం 2022లో రూపొందించిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ అమలు చేయాలని అదే కోర్టు 2023 ఏప్రిల్‌లో ఆదేశించింది. భర్త, కొడుకు, కోడలు సలహా ఇవ్వవచ్చు, తోడుగా ఉండవచ్చు. సంతకం, నిర్ణయం ఆమెవే. "మీరు ఎలా చెబితే అలాగే డాక్టర్‌గారూ" అని ఆమె అన్నా, అది కూడా ఆమె ఎంపికే. కాకపోతే మార్గాలన్నీ విన్నాక అన్న మాటై ఉండాలి.

ఆపరేషన్ ఎంచుకున్నాక ముహూర్తం కూడా ఆలోచించవలసిందే. మామూలు పనులకు రావడానికి ఆరు వారాలు, బరువులెత్తడానికి అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది. ఆ వారాల్లో వంట ఎవరు చేస్తారు, పాడి ఎవరు చూస్తారు, కూలి పోతే ఎలా గడుస్తుంది అన్నవి వైద్యానికి బయటి విషయాలు కావు. ఆసరా లేక పదో రోజున బిందె ఎత్తిన స్త్రీలో కుట్లు సడలితే నేరం ఆమెది కాదు. వ్యవసాయ పనులు తక్కువున్న నెలలు, చెల్లెలో కూతురో వచ్చి ఉండగల సమయం చూసుకోవాలి. ఆరోగ్యశ్రీ వంటి పథకంలో ఏ పద్ధతికి డబ్బు వస్తుందో, ఏది సొంతంగా పెట్టుకోవాలో ముందే అడగాలి. పథకంలో ఉన్నదన్న ఒక్క కారణంతో గర్భసంచి తీయడాన్ని ఎంచుకోవడం జరగకూడదు. ఆపరేషన్ తర్వాత ఆరు వారాలకు ఒకసారి చూపించుకోవాలి. పెసరీ ఉన్నవారు వైద్యులు చెప్పిన గడువుకు, తామే తీసి పెట్టుకునేవారు కూడా రక్తం, దుర్వాసన, నొప్పి కనిపించిన వెంటనే రావాలి. వ్యాయామం ఎంచుకున్నవారికి నాలుగు నెలలకు ఫలితం తెలుస్తుంది. అప్పటికీ బాధ తగ్గకపోతే మొదటి రోజు ముందుంచిన మార్గాలన్నీ మళ్లీ ఆమె ముందుంచాలి. పెసరీ పెట్టుకున్నామె ఆపరేషన్‌కు మారవచ్చు, ఆపరేషన్ తర్వాత మళ్లీ జారినామె పెసరీకి రావచ్చు, ఇక ఏదీ వద్దని ఆగిపోవచ్చు.